కంచె నుంచి తలుపు దాకా: జాన్ క్రిస్టఫర్ కిశోర నవలల పరిశీలన

1

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మా నందివాడ మండలంలో చేలూ చేపల చెరువులూ ఊళ్లూ ఏకమైపోయాయి. నీళ్లు తీసి బడి తెరిచాక తొమ్మిదో తరగతి పిల్లలకు 'నీళ్లు తీసిన తర్వాత' అనే అంశం మీద వ్యాసం రాయమని ఇచ్చాను. దాదాపు అందరూ నీళ్లు వచ్చిన రాత్రితో మొదలుపెట్టి, పులిహోర పొట్లాలు అందిన రోజుతో ముగించారు. నేను అడిగింది ఆ తర్వాతి సంగతి. ఒక్క అమ్మాయి మాత్రమే దాని జోలికి వెళ్లింది. తమ వీధిలో డాబా ఉన్న ఇల్లు ఒక్కటేననీ, ఆ రాత్రి డాబా మీదికి కొందరిని రానిచ్చి కొందరిని మెట్ల దగ్గరే ఆపేశారనీ, నీళ్లు పోయినా ఆ ఇంటి ముందు నుంచి వెళ్లేటప్పుడు ఇప్పటికీ తల తిప్పుకుంటున్నాననీ రాసింది. మొత్తం నాలుగు వాక్యాలు.

ఆ వ్యాసానికి ఎన్ని మార్కులు వెయ్యాలో నాకు పాలుపోలేదు. కాని అది చదువుతుంటే, ఆ నాలుగు వాక్యాల చుట్టూనే నలభై ఏళ్లకు పైగా తిరిగిన ఒక ఇంగ్లీషు రచయిత గుర్తుకొచ్చాడు. ఆయన జాన్ క్రిస్టఫర్. లోకం కూలిపోయిన తర్వాత మిగిలిన మనుషులు ఎలా బతుకుతారు అన్నదే ఆయన ప్రధాన వస్తువు. ఇటువంటి రచనలను ప్రళయానంతర నవలలు అందాం. వాటిలో మంచివాటిని ఆయన పన్నెండు నుంచి పదహారేళ్ల వయసు పాఠకుల కోసం రాశాడు.

ఈ రకం సాహిత్యం పేరెత్తగానే రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి. ఇంత చీకటి పిల్లలకెందుకు అన్నది ఒకటి. ఇదంతా కడుపు నిండిన దేశాల మధ్యతరగతి భయం, మనకు దీనితో పనిలేదు అన్నది రెండోది. మొదటి అభ్యంతరానికి మా తొమ్మిదో తరగతి అమ్మాయే సమాధానం చెప్పింది. చీకటి ఆమెకు పుస్తకంలోంచి రాలేదు. రెండోదానిలో కొంత నిజం ఉంది. ఆ నిజం ఎంతవరకో తేల్చుకోవడానికే ఈ వ్యాసం.

2

జాన్ క్రిస్టఫర్ అన్నది కలం పేరు. అసలు పేరు సామ్ యూడ్. 1922లో లాంకషైర్‌లో పుట్టాడు. రెండో ప్రపంచయుద్ధంలో 1941 నుంచి 1946 వరకు బ్రిటిష్ సైన్యం సంకేత విభాగంలో పనిచేశాడు. యుద్ధం తర్వాత రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఇచ్చిన సహాయంతో రచన సాగించాడు. మొదటి నవల 1949లో వచ్చింది. తర్వాత పగలు ఉద్యోగం, రాత్రి రచన. సంసారం గడవడానికి రకరకాల కలం పేర్లతో రకరకాల నవలలు, చివరికి క్రికెట్ మీద కూడా రాశాడు. అంటే ఆయన మేడ మీద కూర్చుని రాసినవాడు కాదు, కలం మీద బతికినవాడు. 2012లో బాత్ పట్టణంలో మరణించాడు.

పేరు తెచ్చిన నవల 1956 నాటి 'ది డెత్ ఆఫ్ గ్రాస్'. గడ్డి చావడం అన్నమాట. ఈ పేరు లండన్ పాఠకుడికి వింతగా తోచవచ్చు గాని కృష్ణా డెల్టా పాఠకుడికి గుండె ఝల్లుమంటుంది. వరి గడ్డిజాతి. గోధుమ, జొన్న, చెరకు కూడా గడ్డిజాతే. నవలలో చైనాలో వరికి ఒక వైరస్ తెగులు పట్టుకుంటుంది. ఆసియాలో కోట్లమంది ఆకలితో చస్తారు. ఇంగ్లండులో జనం ఆ వార్తలు చదువుకుంటూ భోజనాలు చేస్తూనే ఉంటారు. తర్వాత వైరస్ రూపం మార్చుకుని గోధుమ, బార్లీ, పచ్చిక అన్నిటినీ పట్టుకుంటుంది. పశువులకు మేత ఉండదు. ప్రభుత్వం తన నగరాల మీద తానే బాంబులు వేసి తినే నోళ్లు తగ్గించాలని ఆలోచించే దాకా వస్తుంది.

ఈ కథ క్లాసులో చెప్పినప్పుడు ఒక రైతుబిడ్డ లేచి, "అయితే మినుము ఉంటది గదండీ" అన్నాడు. వరి కోసిన చేలో మినుము చల్లే దేశం మాది. మినుము గడ్డిజాతి కాదు, కాబట్టి వాడి మాట నిజం. నవలలోనూ దుంపపంటలు వేసుకున్న లోయ ఒకటి మిగులుతుంది. వాడు అడిగిన ప్రశ్న చిన్నదే గాని, ప్రళయాన్ని పొలం వైపు నుంచి చూడటం అంటే అది. క్రిస్టఫర్ నగరం వైపు నుంచి చూశాడు. ఈ తేడాను గుర్తుంచుకుందాం.

నవలలో జాన్ కస్టన్స్ అనే ఇంజనీరు లండన్ నుంచి కుటుంబంతోనూ మిత్రులతోనూ ఉత్తరాన తన సోదరుడు డేవిడ్ లోయకు బయల్దేరతాడు. దారిలో తిండి కోసం ఒక రైతు దంపతులను చంపుతారు. వాళ్ల కూతురిని వెంటబెట్టుకుపోతారు. నిన్నటిదాకా మర్యాదస్థులైన వీళ్లు రెండు మూడు రోజుల్లో బందిపోట్లవుతారు. జాన్ వాళ్లకు నాయకుడు, ఆ మీదట దాదాపు రాజు. తీరా లోయ చేరేసరికి డేవిడ్ కంచె కట్టుకుని ఉంటాడు. జాన్ కుటుంబాన్ని లోపలికి రానిస్తానంటాడు, వెంట వచ్చిన గుంపును రానివ్వనంటాడు. ఆ రాత్రి గుంపు లోయ మీద దాడిచేసి గెలుస్తుంది. డేవిడ్ చచ్చిపోతాడు.

ఈ ముగింపులో రచయిత ఎవరి పక్షం వహించాడు? విమర్శకుడు అడగవలసిన ప్రశ్న ఇదే. క్రిస్టఫర్ జాన్‌ను మెచ్చుకోడు, తిట్టడు. ఆకలి వస్తే మనిషి ఇంతే అన్నట్టు చూపి ఊరుకుంటాడు. నేను దీన్ని ఒప్పుకోలేను. ఆకలి మనిషిని మృగాన్ని చేస్తుందన్నది సగం సత్యం. 1832-33 నందన కరువులో గుంటూరు సీమలో లక్షల మంది చచ్చారు. ఆ కరువు దెబ్బ తర్వాతనే కృష్ణకు ఆనకట్ట కట్టాలన్న మాట బలపడి 1855 నాటికి పూర్తయింది. కంపెనీ ప్రభుత్వం తన శిస్తు కోసమే కట్టించి ఉండవచ్చు. రాయీ మట్టీ మోసింది మాత్రం కరువు చూసిన కూలిజనమే. మేం తింటున్న అన్నం ఆ 'తర్వాత'లోంచి వచ్చింది. క్రిస్టఫర్ లోయలో తుపాకులున్నాయి, కంచె ఉంది. కాలువ తవ్వేవాడు లేడు.

ఇంకో మాట. ఆ నవల వచ్చింది బెంగాల్ కరువుకు పదమూడేళ్ల తర్వాత. 1943లో బ్రిటిష్ ఏలుబడిలో ముప్పై లక్షల దాకా చచ్చారని అంచనా. ఆసియా ఆకలిని వార్తాపత్రికలో చదివి పక్కన పెట్టే ఇంగ్లీషువాణ్ణి క్రిస్టఫర్ నిజాయితీగానే చిత్రించాడు. కాని ఆసియా మనిషికి ఒక్క ముఖం కూడా ఇవ్వలేదు. కథ అసలు మొదలయ్యేది వాళ్ల ఇంటిదాకా వచ్చినప్పుడే.

1962లో రాసిన 'ది వరల్డ్ ఇన్ వింటర్'లో ఆయన ఈ లోపాన్ని తలకిందులుగా పరీక్షించాడు. ఐరోపా మంచులో కూరుకుపోతే తెల్లవాళ్లు నైజీరియాకు పారిపోయి అక్కడ గుమ్మాల ముందు పనికోసం నిలబడతారు. గొప్ప ఊహ. వలస పాలన అంటే ఏమిటో పాలించినవాడికి చెప్పడానికి ఇంతకంటే మంచి మార్గం కష్టం. కాని కథానాయకుడు చివరికి తన జాతి పక్షానికే చేరతాడు. ఊహ వెళ్లినంత దూరం రచయిత దృక్పథం వెళ్లలేదు.

3

1967లో ఆయన దారి మారింది. ఆ ఏడాది 'ది వైట్ మౌంటెన్స్', 'ది సిటీ ఆఫ్ గోల్డ్ అండ్ లెడ్', మరుసటి ఏడు 'ది పూల్ ఆఫ్ ఫైర్' వచ్చాయి. ఇవి పిల్లల కోసం రాసినవి. మూడు కాళ్ల యంత్రాలు భూమిని ఏలుతుంటాయి కాబట్టి వీటిని 'ట్రైపాడ్స్' నవలలంటారు. 1984-85లో బి.బి.సి. వీటిలో రెండింటిని టెలివిజన్ ధారావాహికగా తీసి మూడోది తీయకుండానే ఆపేసింది.

ఇక్కడ ప్రళయం ఎప్పుడో జరిగిపోయింది. జనం పల్లెల్లో ప్రశాంతంగా ఉన్నారు. యుద్ధాలు లేవు. పద్నాలుగేళ్లు రాగానే ప్రతి పిల్లవాడి నెత్తికీ ఒక లోహపు వల తొడుగుతారు. అది తలలో కలిసిపోతుంది. ఆ తర్వాత యజమానులను ప్రశ్నించాలన్న బుద్ధి పుట్టదు. తొడుగుడు పండగలా జరుగుతుంది, బంధువులు వస్తారు, విందు ఉంటుంది. పదమూడేళ్ల విల్ పార్కర్ ఆ పండగకు ముందు పారిపోయి ఆల్ప్స్ కొండల్లో ఉన్న స్వేచ్ఛాజీవుల దగ్గరికి వెళ్లడమే కథ.

రచయిత ఇక్కడ సులువైన దారి తొక్కలేదు. తొడుగు ఉన్నవాళ్లు దుఃఖంగా లేరు. విల్ ప్రేమగా చూసుకున్న ఎలోయిజ్ అనే అమ్మాయి యజమానుల సేవకు నవ్వుతూ వెళుతుంది. తర్వాతి నవలలో ఆమె శవం అందమైన వస్తువుల ప్రదర్శనలో అద్దాల వెనక కనిపిస్తుంది. యజమానుల నగరంలోకి మనుషులు వెళ్లాలంటే ఆటల పోటీల్లో గెలవాలి. గెలిచినవాళ్లు దాసులుగా లోపలికి పోతారు, బలమైన ఒంటితో పోయినవాళ్లు కొద్దికాలంలోనే అరిగిపోతారు. పోటీలో గెలుపే బానిసత్వానికి ద్వారం కావడం పదిహేనేళ్ల పిల్లవాడికి అర్థమవుతుందా అని నాకు అనుమానం ఉండేది. ఎనిమిదో తరగతి నుంచే ర్యాంకుల కోసం హాస్టళ్లలో పడుకునే పిల్లలున్న నేల మీద నా అనుమానం ఎక్కువ రోజులు నిలవలేదు. "మా అన్నయ్యకు తొడిగేశారండీ" అని ఒకడు నవ్వుతూ అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

మూడో నవలలో యజమానుల నగరాలు కూలతాయి. మన చందమామ ధారావాహికలు చదివి పెరిగినవాళ్లకు ఇక్కడ కథ అయిపోయినట్టే. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన ధారావాహికల పాత బైండ్లు నేనూ చిన్నప్పుడు నలిపేశాను. ఆ ఉత్కంఠ, ఆ ప్రయాణం, ఆ స్నేహం క్రిస్టఫర్‌కు ఏమాత్రం తీసిపోవు. అక్కడ దుష్టుడు చచ్చి రాజ్యం సుఖపడడంతో కథ ముగుస్తుంది. క్రిస్టఫర్ ఇంకొక అడుగు వేశాడు. గెలిచిన మనుషులు సభ పెట్టుకుంటారు. ఏ దేశం వాళ్లు ఆ దేశంగా విడిపోయి తగవులాడుకుంటారు. పోరాటాన్ని నడిపిన పెద్దాయన మాట నెగ్గదు. విల్, అతని మిత్రులు ఇక తమ బతుకు మనుషులను కలపడానికే అని తేల్చుకోవడంతో నవల ముగుస్తుంది. గెలుపు తర్వాత మొదలయ్యే పనిని పిల్లల పుస్తకంలో ఇంత సూటిగా చెప్పడం చిన్న విషయం కాదు.

4

1970లో వచ్చిన 'ది గార్డియన్స్' నా దృష్టిలో ఆయన రచనల్లో అత్యంత చైతన్యవంతమైనది. మరుసటి సంవత్సరం గార్డియన్ పత్రిక బాలసాహిత్య బహుమతి దానికి వచ్చింది. 2052 నాటి ఇంగ్లండు రెండుగా చీలి ఉంటుంది. కిక్కిరిసిన నగరాల్లో కూలిజనం ఆటలూ అల్లర్లూ చూస్తూ బతుకుతుంటారు. పల్లె సీమలో పెద్దింటివాళ్లు నౌకర్లతో, గుర్రాలతో తీరికగా ఉంటారు. మధ్య కంచె. తండ్రి పోయి ప్రభుత్వ వసతి బడిలో పడ్డ రాబ్ అనే కుర్రాడు కంచె దాటి అవతలికి పోతాడు. అక్కడొక కుటుంబం అతన్ని తమవాడిగా చెప్పి దాస్తుంది. సుఖం అలవాటవుతుంది. తీరా తేలేదేమిటంటే, ఈ రెండు లోకాలనూ కాపలాకాసే రహస్య వర్గం ఒకటుంది, ఎదురుతిరిగినవాళ్ల మెదడుకు శస్త్రచికిత్స చేసి సాధువులుగా మార్చడం వాళ్ల పద్ధతి. రాబ్‌ను ఆ కాపలావర్గంలో చేరమంటారు. అతను ఒక చిన్న తాపీ పట్టుకుని, కంచె కింద మట్టి తవ్వుకుని తిరిగి కూలిజనం వైపు పోతాడు.

ఇక్కడ ప్రళయం పేరుకు కూడా లేదు. కాని కంచె అదే. 1956లో జాన్ కస్టన్స్ కంచె పగలగొట్టి లోపలికి పోయి యజమాని అయ్యాడు. 1970లో రాబ్ లోపల దొరికిన చోటు వదిలి బయటికి పోయాడు. ఈ పద్నాలుగేళ్లలో రచయిత ఎంత దూరం నడిచాడో ఈ రెండు ముగింపులు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

అదే కాలంలో, 1970 నుంచి 1972 వరకు, 'ది ప్రిన్స్ ఇన్ వెయిటింగ్'తో మొదలయ్యే మూడు నవలలు వచ్చాయి. ఉత్పాతం తర్వాత యంత్రాలు నిషిద్ధమై, ఇంగ్లండు మళ్లీ కత్తులూ కోటగోడల కాలానికి పోతుంది. అవయవలోపంతో పుట్టినవాళ్లు అక్కడ పుట్టుకతోనే సేవకులు, వాళ్లకు ఆస్తి ఉండదు. మరుగుజ్జులు పుట్టుకతో చేతిపనివాళ్లు. ఇంగ్లీషు పాఠకుడికి ఇది కల్పన. మనకు కల్పన అనడానికి నోరు రాదు. ఉత్పాతం పాత అసమానతను తుడిచిపెట్టదు, దానికి కొత్త పేర్లు పెడుతుంది. ఆయనకు ఈ సంగతి తెలుసు. కాని ఆ సేవకుల వైపు నుంచి ఒక్క అధ్యాయమైనా రాయలేదు. కథ ఎప్పుడూ రాజకుమారుడిదే.

5

1977లో 'ఎంప్టీ వరల్డ్' వచ్చింది. ఒక మహమ్మారి ముసలివాళ్లతో మొదలుపెట్టి పెద్దవాళ్లందరినీ తీసుకుపోతుంది, చివరికి కొద్దిమంది పిల్లలే మిగులుతారు. దానికి రచయిత కలకత్తా పేరు పెట్టాడు. వరి తెగులు చైనా నుంచి, మహమ్మారి కలకత్తా నుంచి! కీడు తూర్పు నుంచే రావాలన్న ఈ అలవాటు ఆయనను ఇరవై ఏళ్లయినా వదల్లేదు. దీన్ని మనం గట్టిగానే ఎత్తిచూపాలి. 2020లో మహమ్మారి వచ్చినప్పుడు జబ్బుకు దేశం పేరు, మతం పేరు తగిలించిన మాటలు మన వీధుల్లోనూ విన్నాం. పిల్లల పుస్తకంలో ఇది చిన్న తప్పు కాదు.

అయినా ఆ నవల ముగింపు కోసం నేను దాన్ని మళ్లీ చదువుతాను. లండన్‌లో నీల్ అనే కుర్రాడికి ఇద్దరమ్మాయిలు తోడవుతారు. ఒకామె అసూయతో నీల్‌ను చంపబోతుంది. మిగతా ఇద్దరూ ఆమెను బయటపెట్టి తలుపు వేసుకుంటారు. బయట ఆమె బతిమాలుతుంది. తలుపు తీస్తే మళ్లీ కత్తి ఎత్తవచ్చు, తీయకపోతే ఆమె చచ్చిపోతుంది. వాళ్లు తలుపు తీయడానికే నిశ్చయించుకుంటారు. అక్కడితో కథ అయిపోతుంది.

తర్వాత ఏమైందో రచయిత చెప్పడు. ఆయన శిల్పం అంతా ఆ చెప్పకపోవడంలోనే ఉంది. కంచె ముందు సోదరుడు చచ్చిన నవలకూ తలుపు దగ్గర శత్రువు కోసం ఆగిన నవలకూ మధ్య ఇరవై ఒక్క ఏళ్లు. పెద్దల కోసం రాసినప్పుడు 'మనిషి ఇంతే' అన్నవాడు, పిల్లల కోసం రాసేటప్పుడు 'నువ్వేం చేస్తావు' అని అడగడం నేర్చుకున్నాడు. పిల్లల పాఠకత్వం ఈ రచయితను బాగుచేసిందని నా అభిప్రాయం. పిల్లల కోసం రాయడం తక్కువ రకం పని అనుకునే రచయిత మిత్రులు దీన్ని ఆలోచించాలి.

ఆయన పరిమితులు పైన చెప్పాను. అన్నం పండించేవాడు ఆయన పుస్తకాల్లో కథానాయకుడు కాడు. ఆడపిల్లలు ఎక్కువగా చూడబడేవాళ్లే, చేసేవాళ్లు కారు. నలుగురు కుర్రాళ్ల సాహసం ఉంటుంది గాని ఒక ఊరు ఊరుగా లేచి నిలబడటం దాదాపు ఉండదు. మనం ఆయన్ని అనుకరిస్తే ఈ లోపాలే ముందు అంటుకుంటాయి. తీసుకోవలసింది ఆయన ప్రశ్నను.

6

ఆ నవల వచ్చిన 1977లోనే, నవంబరు 19న, దివిసీమ మీద ఉప్పెన పడింది. పదివేల మందికి పైగా పోయారు. నేనప్పటికి పుట్టలేదు. మా అమ్మ చెప్పగా విన్నవి, అవనిగడ్డ, నాగాయలంక వైపు బంధువుల ఇళ్లలో విన్నవి నాకు గుర్తు. పోయినవాళ్ల సంఖ్య అందరూ చెబుతారు. నీటి గోడ ఎన్ని తాటిచెట్ల ఎత్తు వచ్చిందో చెబుతారు. మర్నాటి నుంచి ఏం జరిగిందన్నది ఎవరో ఒకరిద్దరు, అదీ మెల్లగా, చెబుతారు. ఎవరి శవం ఎవరిదో తెలియక ఒకే చితి మీద పెట్టి కాల్చినప్పుడు కులం ఎక్కడుంది? కొత్తగా కట్టిన కాలనీల్లో మళ్లీ వరసలు ఎలా ఏర్పడ్డాయి? తల్లీ తండ్రీ పోయిన పిల్లను ఏ ఇంట్లో పెట్టుకున్నారు, కూతురిగానా పనిపిల్లగానా? ఉప్పు తేలిన చేలో మొదటి నాగలి ఎవరు కట్టారు? ఎవరో ఊరూపేరూ తెలియనివాడు వచ్చి వారాలపాటు శవాలు మోసి వెళ్లిపోయాడంటారు, అతని కథ ఏమిటి?

మనకు ప్రళయ కథలు కొత్త కాదు. పురాణంలో చేప రక్షించిన పడవ ఉంది. పెద్ద గాలి వస్తే "బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు" అనే మాట ఇప్పటికీ వింటాం. ఈ కథల్లో ప్రళయం పైనుంచి వస్తుంది, రక్షణా పైనుంచే వస్తుంది. మధ్యలో మనిషి ఏం చేశాడన్న లెక్క అడిగేవాడుండడు. ఆ లెక్క అడగడమే ఆధునిక సాహిత్యం చేయవలసిన పని.

ఒక్క రాత్రిలో రాని ప్రళయం కూడా ఒకటుంది. మా నందివాడలో వరిచేలు ఒకటొకటిగా చేపల చెరువులయ్యాయి. గట్టు పక్కవాడు చెరువు తవ్వితే ఊట దిగి ఇవతలి వరి పండదు, చివరికి ఇతనూ తవ్వక తప్పదు. నాట్లకూ కోతలకూ వెళ్లిన ఆడకూలీలకు పనిదినాలు పోయాయి. తాగునీటి చెరువు చుట్టూ చేపల చెరువులు చేరాయి. వరిగడ్డి వాములు లేని పెరళ్లు చూస్తే నాకు 'గడ్డి చావు' అన్న పేరు గుర్తొస్తుంది. ఇక్కడ వైరస్ లేదు, ఎకరానికి ఎంత వస్తుందన్న లెక్క ఉంది. దీని మీద కథలు రావాలి, అవి పద్నాలుగేళ్లవాళ్లు చదవగలిగేలా రావాలి.

మా బడి బీరువాలో నీతికథలున్నాయి, దేశనాయకుల జీవితాలున్నాయి, క్విజ్ పుస్తకాలు చాలా ఉన్నాయి. డాబా మెట్ల దగ్గర ఆగిపోయిన పిల్ల తీసి చదువుకోదగ్గ నవల లేదు. దివి నుంచో బందరు నుంచో కొల్లేటి గట్టు నుంచో ఎవరో ఒకరు దాన్ని రాయాలి. అందులో యంత్రాలూ వింత లోకాలూ ఉన్నా సరే, లేకపోయినా సరే. ఆ రాత్రి మెట్ల మీద ఎవరున్నారు, కింద ఎవరున్నారు, మర్నాడు వాళ్లు ఒకరి ముఖం ఒకరు ఎలా చూసుకున్నారు అన్నది మాత్రం దాటవేయకూడదు. రాసినవాళ్లు చిత్తుప్రతి ముందుగా మా తొమ్మిదో తరగతికి పంపండి. నాకు వెయ్యడం చేతకాని మార్కులు వాళ్లు వేస్తారు.